తిరగబడాలా, తప్పుకోవాలా?

ఆడపిల్ల బయటికి వెళ్తుంటే మన ఇళ్లలో రెండు రకాల సలహాలు వినిపిస్తాయి. నాయనమ్మది ఒకటి: ఎవడేమన్నా తల వంచుకుని వచ్చెయ్, గొడవ పెట్టుకోకు. బాబాయిది ఇంకొకటి: చెప్పు తీసి కొట్టు, తర్వాత సంగతి నేను చూసుకుంటా. మగపిల్లలకు మొదటి సలహా ఎవరూ ఇవ్వరు, రెండోది అడక్కుండానే ఇస్తారు. వైన్‌షాపు దగ్గర మొదలైన మాటామాటా ఆస్పత్రిలో తేలడానికి అదీ ఒక కారణమే. ఈ రెండింటిలో ఏది పనికొస్తుందో ఎవరైనా లెక్కతీసి చూశారా? చూశారు. నేరశాస్త్రవేత్తలు, మనస్తత్వ నిపుణులు, పోలీసు శిక్షకులు, న్యాయమూర్తులు తలా ఒక వైపు నుంచి దశాబ్దాలుగా ఈ ప్రశ్న మీద పనిచేస్తున్నారు. వాళ్లు తేల్చిందంతా ఒకచోట పెట్టి చూస్తే నాయనమ్మా బాబాయీ ఇద్దరూ సగం సగమే చెప్పారని తెలుస్తుంది. ఇద్దరూ వదిలేసిన ముక్కే అసలైనది. దాడి చేసేవాడు చాలాసార్లు మనకు తెలిసినవాడే.

ముందు తిరగబడటం సంగతి చూద్దాం. ఎదిరిస్తే వాడు ఇంకా రెచ్చిపోతాడు, ప్రాణం మీదకొస్తుంది అన్నది చాలాకాలం పోలీసులు కూడా చెప్పిన మాట. అమెరికాలో నేర బాధితుల జాతీయ సర్వే ఒకటుంది. పోలీసు స్టేషన్ దాకా వెళ్లిన కేసులతో సరిపెట్టకుండా మామూలు కుటుంబాలను అడిగి వివరాలు రాసుకుంటారు. 1992 నుంచి 2001 దాకా ఆ సర్వేలో నమోదైన 27,595 ఘటనలను టార్క్, క్లెక్ అనే ఇద్దరు నేరశాస్త్రవేత్తలు 2004లో విశ్లేషించారు. బాధితులు చేసిన పనులను 16 రకాలుగా విడగొట్టారు: అరవడం, పరుగెత్తడం, వాదించడం, పెనుగులాడటం, చేతికందినదానితో కొట్టడం వగైరా. ఏదో ఒక ప్రతిఘటన చేసినవాళ్లకు, ఏమీ చెయ్యనివాళ్లకన్నా మొత్తమ్మీద నష్టం తక్కువే జరిగింది. అంతకన్నా ముఖ్యమైన విషయం ఇంకొకటుంది. ఎదిరించి గాయపడ్డవాళ్లలో ఎక్కువమందికి ఆ గాయం ఎదిరించకముందే తగిలింది. దెబ్బ తిన్నాక తిరగబడ్డారు తప్ప, తిరగబడినందుకు దెబ్బ తినలేదు. పాత లెక్కల్లో ఈ వరస చూసుకోకపోవడం వల్లే ఎదిరిస్తే ప్రమాదం అన్న నమ్మకం అంత గట్టిపడింది. అత్యాచార యత్నాల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసిన సారా ఉల్‌మన్ తేల్చింది కూడా ఇదే దారిలో ఉంది. బతిమాలడం, ఏడవడం పెద్దగా పనిచెయ్యలేదు. గట్టిగా అరవడం, పారిపోవడం, కొట్టడం పనిచేశాయి.

ఇలాంటి లెక్కలను కళ్లు మూసుకుని ఒప్పుకోనక్కర్లేదు. చనిపోయినవాళ్లు సర్వేకు జవాబు చెప్పరు. పైగా ఎదుటివాడు బక్కపలచగా ఉన్నప్పుడో, తాగి తూలుతున్నప్పుడో తిరగబడే ధైర్యం సులువుగా వస్తుంది. అలాంటప్పుడు ఫలితం మంచిదైతే ఆ ఘనత ప్రతిఘటనదా, ప్రత్యర్థి బలహీనతదా? ఆ చిక్కు విప్పాలంటే కొందరికి శిక్షణ ఇచ్చి, కొందరికి ఇవ్వకుండా ఉంచి, ఎవరు ఏ జట్టులో ఉండాలో చీటీ తీసినట్టు నిర్ణయించి, ఏడాది పాటు గమనించాలి.

కెనడాలో విండ్సర్ విశ్వవిద్యాలయానికి చెందిన షార్లీన్ సెన్ బృందం ఆ పనే చేసింది. మూడు విశ్వవిద్యాలయాల్లో మొదటి సంవత్సరం చదువుతున్న 893 మంది అమ్మాయిలను రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు 12 గంటల శిక్షణ, రెండో జట్టుకు మామూలుగా పంచే కరపత్రాలు. ఏడాది తర్వాత చూస్తే, అత్యాచారానికి గురైనవాళ్లు కరపత్రాల జట్టులో 9.8 శాతం, శిక్షణ జట్టులో 5.2 శాతం. యత్నాల్లో తేడా ఇంకా ఎక్కువ: 9.3 శాతం ఒకవైపు, 3.4 శాతం ఇంకొకవైపు. 2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ దీన్ని ప్రచురించింది. ఆత్మరక్షణ శిక్షణ గురించి ఇంత గట్టి రుజువు అరుదు.

ఆ 12 గంటల్లో ఏముందన్నదే మనకు కావాల్సిన విషయం. మూడేసి గంటల చొప్పున నాలుగు భాగాలు. అందులో చెయ్యీ కాలూ ఆడించేది ఒక్క భాగమే. మొదటి భాగం, తెలిసిన మగవాళ్ల ప్రవర్తనలో ప్రమాదాన్ని ముందే పసిగట్టడం గురించి: ఒంటరిగా ఉండే చోటికి పిలవడం, వద్దన్నదాన్ని విననట్టు నటించడం, తాగమని ఒత్తిడి చెయ్యడం. రెండో భాగం, పసిగట్టినా నోరు తెరవనివ్వని మొహమాటం గురించి. స్నేహితుడు కదా, ఏమనుకుంటాడో, నేనే ఎక్కువ ఊహించుకుంటున్నానేమో అన్న సందేహాలను ఒక్కొక్కటిగా బయటికి తీస్తారు. నాలుగోది, తనకేం కావాలో ఏం వద్దో తనే తేల్చుకోవడం గురించి. మూడో భాగంలో మాత్రం దెబ్బలు, పట్లు విడిపించుకోవడాలు.

మన దగ్గర ఈ విషయం ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. దేశంలో నమోదయ్యే అత్యాచార కేసుల్లో చాలావరకు నిందితుడు బాధితురాలికి తెలిసినవాడేనని జాతీయ నేర గణాంక సంస్థ నివేదికలు ఏటేటా చెబుతున్నాయి. ఇటీవలి నివేదికల్లో అలాంటివి నూటికి 95కి మించే ఉన్నాయి. బంధువు, పక్కింటివాడు, పనిచేసే చోట యజమాని, పెళ్లి చేసుకుంటానని తిరిగినవాడు. చీకటి సందులో పొంచి ఉండే ముసుగు మనిషి మిగిలిన ఆ కొద్ది శాతంలో ఉంటాడు. మన శిక్షణలన్నీ మాత్రం వాడి కోసమే తయారయ్యాయి.

సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకం కింద ప్రభుత్వ బడుల్లో రాణి లక్ష్మీబాయి పేరుతో ఆత్మరక్షణ శిక్షణ నడుస్తుంది. ఆరో తరగతి నుంచి పన్నెండు దాకా చదివే అమ్మాయిలకు మూడు నెలలు నేర్పుతారు. శిక్షకుడి కోసం బడికి నెలకు మొదట 3,000 రూపాయలు ఇచ్చేవారు, తర్వాత 5,000 చేశారు. పథకం మంచిదే, తప్పు పట్టాల్సింది అందులో నేర్పేదాన్ని. మైదానంలో వరసలుగా నిలబెట్టి, ఒకటి రెండు మూడు అని లెక్కపెడుతుంటే గాలిలో పిడికిళ్లు విసరడం, చివర్లో ముఖ్య అతిథి ముందు పెంకు పగలగొట్టడం. గాలి తిరిగి కొట్టదు, పెంకు చెయ్యి పట్టుకోదు. ఒళ్లు చురుగ్గా అవుతుంది, భయం కొంత పోతుంది, అది మేలే. కానీ ఆ పిల్లను రేపు బండెక్కించుకుపోయేది మామయ్య వరసయ్యేవాడైతే ఈ మూడు నెలలూ ఎక్కడా అక్కరకు రావు.

అక్కరకొచ్చే పాఠం చూడటానికి ఏమంత బాగోదు. శిక్షకుడు పిల్లలకు తెలిసిన మనిషిలా నటిస్తాడు. ‘అమ్మా, మీ నాన్న పంపించాడు, బండెక్కు’ అంటాడు. పిల్ల నవ్వుతూ, నేల చూస్తూ, ‘వద్దండీ’ అంటుంది. ఆ నవ్వుని ముందు తీసెయ్యాలి. రెండోసారి తల ఎత్తించాలి. మూడోసారి, ‘నాన్నకి ఫోన్ చేసి అడుగుతాను’ అని రెండడుగులు వెనక్కి వెయ్యడం నేర్పాలి. అతను, ‘ఏంటమ్మా, నామీద నమ్మకం లేదా? మీ అమ్మకి చెప్తానుండు’ అని నొచ్చుకున్నట్టు నటించాలి. పిల్లలు చాలామంది తడబడేది సరిగ్గా అక్కడే. పెద్దవాళ్లను నొప్పించకూడదని పదేళ్లుగా నేర్పి, ఇప్పుడు నొప్పించమంటే ఒక్క రోజులో రాదు. ‘చెప్పండి. నేను మాత్రం ఎక్కను’ అన్న ముక్క గొంతు వణక్కుండా వచ్చేదాకా అదే సాధన చేయించాలి. ఇందులో పెంకులు పగలవు, ఫొటోలు బాగా రావు. అందుకేనేమో ఎవరూ చేయించరు.

అమెరికా భద్రతా నిపుణుడు గావిన్ డి బెకర్ 1997లో రాసిన ‘ది గిఫ్ట్ ఆఫ్ ఫియర్’ పుస్తకంలో మోసగాడి పద్ధతులను వరసగా పేర్కొన్నాడు. అడగని సాయం చేసి రుణపడేలా చెయ్యడం వాటిలో ఒకటి, వద్దన్న మాటను పట్టించుకోకపోవడం ఇంకొకటి. అడగని సాయానికి మన దగ్గరే ఉదాహరణ ఉంది. 2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ టోల్‌ప్లాజా దగ్గర ఒక పశువైద్యురాలి స్కూటర్ టైరులో గాలి తీసి, తర్వాత బాగుచేయిస్తామని వచ్చినవాళ్లే ఆమెను హతమార్చారని దర్యాప్తులో పోలీసులు చెప్పారు. తనకు భయంగా ఉందని ఆమె చెల్లెలికి ఫోన్‌లో చెప్పింది. ఆమె మనసు ఆమెకు సరిగ్గానే చెప్పిందన్నమాట. నిందితులు నలుగురూ డిసెంబరు 6న ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు, జనం పోలీసుల మీద పూలు చల్లారు.  నా ఫిర్యాదల్లా ఒకటే. అలాంటి రాత్రి ఒంటరి మనిషికి ఏం దారులున్నాయన్న చర్చ పూలతోపాటే ముగిసిపోయింది.

ఇక శరీరం సంగతి. ప్రమాదం ఎదురైతే మనిషి పోరాడతాడు లేదా పారిపోతాడు అని బడి పుస్తకాలు చెబుతాయి. మూడో దారి ఉంది: కొయ్యబారిపోవడం. స్టాక్‌హోమ్‌లో అత్యాచార బాధితుల అత్యవసర క్లినిక్‌కు వచ్చిన 298 మంది స్త్రీలను అడిగితే, 70 శాతం మందికి దాడి సమయంలో ఒళ్లు చెప్పుకోదగ్గ స్థాయిలో బిగుసుకుపోయిందని తేలింది. దాదాపు సగం మందిలో అది తీవ్రస్థాయిలో ఉంది. 2017లో వచ్చిన అధ్యయనం ఇది. కాళ్లూ చేతులూ ఆడలేదు, నోరు పెగల్లేదు అని మనవాళ్లు చెప్పేది సాకు కాదు, శరీరం తనకు తాను వేసుకునే తాళం. మన న్యాయస్థానాలు ఈ సంగతి గ్రహించడానికి చాలాకాలం పట్టింది. పోలీసు స్టేషన్‌లో అత్యాచారానికి గురయ్యానన్న మథుర కేసులో ఒంటి మీద గాయాల్లేవు కాబట్టి ఆమె ఎదిరించలేదని, ఎదిరించలేదు కాబట్టి ఒప్పుకున్నట్టేనని తలచి 1978లో సుప్రీంకోర్టు పోలీసులను విడిచిపెట్టింది. శారీరకంగా ప్రతిఘటించనంత మాత్రాన సమ్మతించినట్టు కాదన్న మాట చట్టంలోకి సూటిగా ఎక్కింది 2013లో, ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత. ఆత్మరక్షణ నేర్పేవాళ్లందరూ ఈ రెండు సంగతులూ తెలిసి మాట్లాడాలి. ‘నువ్వెందుకు కొట్టలేదు’ అన్న ప్రశ్నను శిక్షణ ఇంకాస్త పదునెక్కిస్తే అది చేసిన మేలుకన్నా కీడే ఎక్కువ.

కొయ్యబారడాన్ని పూర్తిగా తప్పించే మందు లేదు. మొదటి క్షణాన్ని కాస్త తేలిక చేసే ఉపాయాలున్నాయి. వాటిలో అన్నిటికన్నా చవకైనది గొంతు. పెద్దగా అరిస్తే బిగబట్టిన ఊపిరి వదులవుతుంది, ఒళ్లు కదులుతుంది, చుట్టుపక్కల తలలు తిరుగుతాయి. ఏమని అరవాలో కూడా ముందే అనుకోవాలి. ఉత్త కేకను జనం భార్యాభర్తల గొడవగా తీసిపారేస్తారు. ‘వీడెవడో నాకు తెలీదు, పోలీసులకు ఫోన్ చెయ్యండి’ అంటే ఆ అవకాశం ఉండదు. తెలిసినవాడైతే పేరు పెట్టి, ‘ఫలానావాడా, చెయ్యి వదులు’ అని నలుగురికీ వినబడేలా అనాలి.

రెండోది దూరం. 1983లో అమెరికాలోని సాల్ట్‌లేక్ సిటీ పోలీసు శిక్షకుడు డెనిస్ ట్యూలర్ ఒక చిన్న పరీక్ష పెట్టాడు. కత్తి పట్టుకున్న మనిషి 21 అడుగుల దూరాన్ని దాటి వచ్చి పొడవడానికి ఎంతసేపు పడుతుంది? సుమారు ఒకటిన్నర సెకను. శిక్షణ పొందిన పోలీసు ఒరలోంచి తుపాకీ తీసి పేల్చడానికీ అంతే పడుతుంది. తుపాకీ ఉన్నవాడి గతే అదైతే హ్యాండ్‌బ్యాగ్‌లో స్ప్రే వెతుక్కునేవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. 2021 ఆగస్టు 15న గుంటూరులో పట్టపగలు రోడ్డు మీద ఒక ఇంజనీరింగ్ విద్యార్థినిని పరిచయస్థుడే పొడిచి చంపాడు. సీసీ కెమెరాలో అదంతా చూసినవాళ్లకు కత్తి ఎంత వేగంగా పనిచేస్తుందో వేరే చెప్పనక్కర్లేదు. కత్తి పట్టిన చేతిని మెలితిప్పి లాగేసే సినిమా పట్లను నేర్పే శిక్షకుడు కనబడితే ఆ క్లాసు మానేయడం మంచిది. నిజాయితీ ఉన్న శిక్షకులు చెప్పేది ఇంతే: పరుగెత్తు, కుదరకపోతే మధ్యలో కుర్చీయో బండో బల్లో ఏదో ఒకటి పెట్టు, అదీ కుదరకపోతే బ్యాగో చున్నీ చుట్టిన చెయ్యో అడ్డం పెట్టుకుని మెడనీ పొట్టనీ కాచుకో.

బ్రిటన్‌లో క్లబ్బుల ముందు బౌన్సర్‌గా ఏళ్ల తరబడి పనిచేసిన జెఫ్ థాంప్సన్ ‘ఫెన్స్’ అన్న పద్ధతికి పేరు తెచ్చాడు. కాస్త దగ్గరగా చూడాల్సిన విషయమిది. ఎదుటివాడు మీదమీదకొస్తూ మాట్లాడుతుంటే, ఒక కాలు అడుగు వెనక్కి వేసి, రెండు చేతులూ ఛాతీ ఎత్తులో, అరచేతులు వాడివైపు తిప్పి, ‘అన్నా, గొడవొద్దు, కాస్త దూరంగా ఉండి మాట్లాడు’ అన్నట్టు నిలబడాలి. చూసేవాళ్లకు బతిమాలుతున్నట్టే ఉంటుంది. లోపల మూడు పనులు జరిగిపోతుంటాయి. చేతులు ముఖానికి అడ్డంగా వచ్చేశాయి. వాడు దాటకూడని గీత ఒకటి గాలిలో పడింది. వాడు ఆ చేతుల్ని తోసుకుని వస్తే, మాటలతో పని అయిపోయిందని మనకు తెలిసిపోతుంది. రేపు కేసైతే సాక్షులు కూడా, తగ్గి మాట్లాడింది మనమేనని చెబుతారు. ఇంత మేలు చేసే ఎత్తు దెబ్బల్లో ఒక్కటీ లేదు.

ఇక కొట్టక తప్పని పరిస్థితి వస్తే నేర్చుకోవాల్సినవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. పిడికిలితో తల మీద కొడితే చిటికెన వేలి వైపు ఎముక విరిగేది కొట్టినవాడికే. అందుకే అరచేతి మడమతో ముక్కు మీదికో గడ్డం మీదికో కొట్టమంటారు. కళ్లు, గొంతు, గజ్జలు, మోకాలు, పాదం పైభాగం: ఎంత బలిసినవాడికైనా కండ పట్టని చోట్లు ఇవి. మణికట్టు పట్టుకుంటే వాడి బొటనవేలు ఉన్నవైపుకే తిప్పి లాగాలి, పట్టులో ఖాళీ అక్కడే ఉంటుంది. వెనక నుంచి నోరు మూస్తే కొరకడానికి సిగ్గుపడకూడదు. ఒక దెబ్బ పడ్డాక దాని ఫలితం చూస్తూ నిలబడకూడదు, వెలుతురూ జనమూ ఉన్నవైపు పరుగెత్తాలి. కసి తీరేదాకా కొట్టాలనిపించడం సహజమే. అక్కడ ఆగిన ప్రతి సెకనూ వాడికే లాభం.

కరాటే మేలా, జూడోనా, క్రావ్ మగానా అని తల్లిదండ్రులు అడుగుతుంటారు. ఈ గొడవ పాతదే. లండన్‌లో 1910ల ప్రాంతంలో ఓటు హక్కు ఉద్యమకారిణులకు ఎడిత్ గారుడ్ జుజుత్సు నేర్పింది; పోలీసులు ఈడ్చుకెళ్లకుండా నాయకురాళ్లను కాపాడే దళం ఆ శిక్షణతోనే నిలిచింది. రవీంద్రనాథ్ ఠాగూరు 1929లో జపాన్ నుంచి జూడో గురువు తకగాకిని శాంతినికేతన్‌కు పిలిపించి అమ్మాయిలకు కూడా జూడో నేర్పించాడు. షాంఘై పోలీసు శాఖలో పనిచేసిన ఫెయిర్‌బెర్న్, వీధి గొడవల అనుభవంతో అలంకారాలన్నీ కత్తిరించి పది పన్నెండు మొరటు దెబ్బలకు విద్యను కుదించాడు, రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ కమాండోలకు అవే నేర్పాడు. 1993లో డెన్వర్‌లో వేర్వేరు యుద్ధవిద్యల వాళ్లు తలపడిన మొదటి యూఎఫ్‌సీ పోటీలో సన్నగా ఉన్న రాయిస్ గ్రేసీ తనకన్నా బరువైనవాళ్లను నేల మీదికి లాగి లొంగదీశాక, గాలిలో సాధన చేసిన విద్యల పరువు చాలావరకు పోయింది. అయితే ఆ పోటీలో ప్రత్యర్థి ఒక్కడే, నేల మెత్తన, కత్తి లేదు. నడిరోడ్డు మీద కింద పడి కుస్తీ పట్టడమంత ప్రమాదం ఇంకోటి లేదు. నన్నడిగితే విద్య పేరు కన్నా క్లాసులో ఏం జరుగుతోందో చూడమంటాను. జత కట్టినవాడు నిజంగా పట్టుకుంటున్నాడా, నిజంగా వదలకుండా పెనుగులాడుతున్నాడా? అలా అయితే అది బాక్సింగైనా, కర్రసామైనా, పాతబస్తీ తాలీంఖానాలో కుస్తీ అయినా ఒకటే.

సాధనాల మాటకొస్తే పెప్పర్ స్ప్రే గురించి తెలుగువాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2014 ఫిబ్రవరి 13న తెలంగాణ బిల్లు రోజు లోక్‌సభలో అప్పటి ఎంపీ లగడపాటి రాజగోపాల్ కొట్టిన స్ప్రేకి సభ మొత్తం దగ్గింది, కొందరు ఎంపీలను ఆస్పత్రికి తీసుకెళ్లారు. మూసిన గదిలో, లిఫ్టులో, కారులో కొడితే కొట్టినవాళ్లకూ అదే గతి. బయట కూడా గాలివాటం చూసుకోవాలి, పరిధి నాలుగైదు అడుగుల నుంచి పదడుగుల లోపే. డబ్బా మీద గడువు తేదీ ఉంటుంది, అది ఎవరూ చూడరు. కొన్న రోజే ఒకసారి బయట ఆరుబయలు చోట నొక్కి చూసుకోవాలి. చీకట్లో మూత తియ్యడం రాని వస్తువు బ్యాగులో ఉన్నా లేనట్టే. దీనికి లైసెన్సు అక్కర్లేదు, కానీ కోపం వచ్చినప్పుడల్లా కొట్టొచ్చని కాదు. ప్రాణాపాయం లేని తగాదాలో వాడినందుకు పెట్టిన కేసును కొట్టేయడానికి 2024లో కర్ణాటక హైకోర్టు ఒప్పుకోలేదు, అది ప్రమాదకర ఆయుధమేనంది.

యాప్‌ల సంగతి చూస్తే ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో దిశ, 2025లో శక్తి. తెలంగాణలో 2024లో టీ-సేఫ్. దేనికదే పనికొచ్చేదే. కానీ వణికే వేళ్లతో ఫోన్ తాళం తీసి యాప్ వెతకడం ఒకటిన్నర సెకనులో అయ్యే పని కాదు. ఇవన్నీ దాడికి ముందు, అనుమానం మొదలైన నిమిషంలో వాడాల్సినవి. ఎక్కువ ఫోన్లలో పవర్ బటన్‌ను వరసగా నొక్కితే అత్యవసర కాల్ 112కు పోతుంది, బటన్ ఫోనైతే 5 గానీ 9 గానీ నొక్కి పట్టుకోవాలి. మీ ఫోన్‌లో ఎన్నిసార్లు నొక్కాలో సెట్టింగ్స్‌లో చూసి ఉంచుకోండి. 2014 అక్టోబరులో హైదరాబాద్‌లో మొదలైన పోలీసు షీ టీమ్స్ పని ఇంకో రకం. వెంటపడేవాడిని, అది దాడి దాకా రాకముందే పట్టుకుంటాయి. వెంటపడటం 2013 నుంచి నేరం, ఇప్పుడది ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్. తెలిసినవాడి దాడికి ముందు నెలల తరబడి వెంటపడటం ఉంటుంది కాబట్టి, నా లెక్కలో ఏ స్ప్రే కన్నా ఈ ఫిర్యాదే పెద్ద ఆయుధం.

వస్తువు కోసం వచ్చినవాడు, మనిషి కోసం వచ్చినవాడు ఒకటి కాదు. బైకు మీద వచ్చి మెడలో గొలుసు లాగేవాడికి కావాల్సింది బంగారం. పుస్తెలతాడు కదా అని గట్టిగా పట్టుకున్న ఆడవాళ్లు బండి వెంట ఈడ్చుకుపోయి తలకు దెబ్బలు తిన్నారు. వదిలెయ్యాలి. వినడానికి కష్టంగా ఉన్నా అంతే. గొలుసు దొంగతనానికి కొత్త సంహితలో 304 అని విడిగా సెక్షనే పెట్టారు, బండి నంబరు గుర్తుపెట్టుకోవడం మేలు. అమెరికాలో గ్యాస్‌స్టేషన్లలో, హోటళ్లలో రాత్రిపూట పనిచేసే మన పిల్లలకూ ఇదే వర్తిస్తుంది. 2018 జులైలో కాన్సస్ సిటీలో ఒక రెస్టారెంట్‌లో దోపిడీకి వచ్చినవాడి తూటాకు వరంగల్ విద్యార్థి బలయ్యాడు. తుపాకీ చూపించి గల్లాపెట్టె అడిగితే, చేతులు కనబడేలా ఉంచి, ఏం చెయ్యబోతున్నారో ముందు చెప్పి, ఇచ్చెయ్యడమే. యజమాని సొమ్ముకి బీమా ఉంటుంది. అయితే ‘కారెక్కు, వేరేచోటికి పోదాం’ అంటే లెక్క మారిపోతుంది. అక్కడ మాత్రం శిక్షకులందరిదీ ఒకటే మాట: జనం మధ్య ఉన్న చోటనే తెగించు, రెండో చోటికి వెళ్లకు.

ఎదురుదెబ్బ కొడితే మనమీదే కేసు పెడతారన్న భయం చాలామందిని ఆపేస్తుంది. ఆత్మరక్షణ హక్కు మన చట్టంలో 1860 నుంచి ఉంది. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా ఉన్న సెక్షన్లు అవే. ఎదుటివాడి ప్రాణం పోయినా తప్పులేదనే సందర్భాలు 38వ సెక్షన్‌లో ఏడు: మనల్ని చంపుతాడన్న భయం, తీవ్రంగా గాయపరుస్తాడన్న భయం, అత్యాచారం, అసహజ లైంగిక దాడి, అపహరణ, విడిపించేవాళ్లెవరూ అందుబాటులో లేని నిర్బంధం, యాసిడ్ దాడి. చివరిది 2013లో చేరింది; 2008లో వరంగల్‌లో ఇద్దరు విద్యార్థినుల మీద యాసిడ్ పోసిననాటికి ఆ మాట చట్టంలో లేదు. మొదటి దెబ్బ తినేదాకా ఆగనక్కర్లేదు, సహేతుకమైన భయం కలిగిన క్షణం నుంచే హక్కు మొదలవుతుంది. అవసరమైనదానికన్నా ఎక్కువ హాని చెయ్యకూడదు, పోలీసుల్ని పిలిచే వ్యవధి ఉంటే ఈ హక్కు లేదు. పారిపోతున్నవాడిని తరిమి కొడితే అది రక్షణ కాదు, కక్ష. దర్శన్ సింగ్ కేసులో 2010లో సుప్రీంకోర్టు ఈ సూత్రాలన్నీ ఒకచోట కూర్చింది. ప్రాణభయంలో ఉన్న మనిషి దెబ్బల్ని తూకం వేసి కొట్టాలని కోర్టులు ఆశించవు. కానీ ఆత్మరక్షణ కోసమే కొట్టానని చూపించాల్సిన బరువు కొట్టినవాళ్ల మీదే ఉంటుంది. అందుకే ఫెన్స్, అరుపు, 112కు పోయిన కాల్, ముందు పెట్టిన ఫిర్యాదు, ఇవన్నీ తర్వాత సాక్ష్యాలుగా నిలబడతాయి.

చూస్తున్నవాళ్ల గురించి మనకున్న అభిప్రాయం మరీ చెడ్డది. గుంటూరు వీడియో చూశాక అలా అనుకోవడం తప్పు కాదు. కానీ ఆమ్‌స్టర్‌డామ్, లాంకాస్టర్, కేప్‌టౌన్ నగరాల సీసీ కెమెరాల్లో దొరికిన 219 బహిరంగ గొడవలను పరిశీలించి 2019లో ఒక అధ్యయనం వచ్చింది. పదింట తొమ్మిది గొడవల్లో చూస్తున్నవాళ్లలో ఒక్కరైనా కలగజేసుకున్నారు. జనం ఎక్కువున్న కొద్దీ ఆ అవకాశం పెరిగింది. మొదటివాడు కదిలితే మిగతావాళ్లు కదులుతారు. కదిలించాలంటే గుంపును కాకుండా ఒక్కడిని ఎంచుకోవాలి: ‘ఎర్రచొక్కా అన్నా, ఆ షాపు షట్టర్ దించి పోలీసులకు ఫోన్ చెయ్యి.’ కత్తి ఉన్నచోట చూస్తున్నవాడు మీదికి దూకనక్కర్లేదు. దూరం నుంచి పెద్దగా అరవడం, హారన్ కొట్టడం, రాయి విసరడం, బాధితులను లోపలికి లాగి తలుపు వెయ్యడం చాలు.

అంతా అయిపోయాక చెయ్యాల్సినవి కొన్ని ఉంటాయి, వీటిని ఏ కరాటే క్లాసులోనూ చెప్పరు. యాసిడ్ పడితే బట్టలు వెంటనే తీసేసి, కనీసం 20 నిమిషాలు ఆగకుండా నీళ్లు పొయ్యాలి, రుద్దకూడదు, నూనె గానీ పసుపు గానీ పెట్టకూడదు. కత్తి ఒంట్లో దిగి ఉంటే లాగకూడదు, చుట్టూ గుడ్డ ఒత్తిపట్టి ఆస్పత్రికి తీసుకెళ్లాలి. యాసిడ్, అత్యాచార బాధితులకు ప్రైవేటు ఆస్పత్రి అయినా సరే ఉచితంగా మొదటి చికిత్స చెయ్యాల్సిందే, కేసు పెట్టి రమ్మనకూడదు. ఇది భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 397వ సెక్షన్. మా పరిధి కాదని ఏ స్టేషనూ వెనక్కి పంపకూడదు, జీరో ఎఫ్‌ఐఆర్ రాసుకుని తర్వాత బదిలీ చెయ్యాలి. అత్యాచారం జరిగితే వైద్య పరీక్ష అయ్యేదాకా స్నానం చెయ్యకుండా ఉండగలిగితే మంచిది. అప్పటి బట్టలు ఉతక్కుండా, ప్లాస్టిక్ కవరులో కాకుండా కాగితం సంచిలో వెయ్యాలి. ప్లాస్టిక్‌లో చెమ్మ పట్టి ఆనవాళ్లు పాడైపోతాయి.